తిరుమలగిరి పింగాణీ

హంస మెడ మూడోసారి జారిపోయింది.

దేవానందం కుర్చీలో వెనక్కి వాలి తన కుడిచేతిని శత్రువును చూసినట్టు చూశాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి వచ్చాయి గాని కలవలేదు. మధ్యలోంచి జారిన పింగాణీ పెంకు బల్ల మీద గిర్రున తిరిగి ఆగింది. అంటించడానికి కలిపిన అరల్డైట్ అట్టముక్క మీద గట్టిపడిపోతోంది.

“ఎవడో వెధవ! ఇంత మంచి వస్తువును ఇలా పగలగొడతాడా మనిషన్నవాడు?”

వంటింట్లోంచి భార్య కాంతమణి గొంతు వచ్చింది. “పగిలినదాన్ని పారేస్తాడు మనిషన్నవాడు. కొనుక్కుని తెచ్చుకోడు.”

“నిన్నెవరూ అడగలేదు.”

“ఇల్లంతా పెంకులే. మొన్న ఊడుస్తుంటే కాల్లో గుచ్చుకుంది. ఒకరోజు అన్నీ ఎత్తి చెత్తకుండీలో పోస్తాను, చూడండి.”

“ముట్టుకో, చెబుతాను!”

అతను మళ్ళీ బల్ల మీదికి వంగాడు.

పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. మాట తిరిగి వచ్చింది. కాలు వచ్చింది. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు డ్రాయింగ్ నేర్పిన కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఏడాదిలోపు ఎంత వస్తే అంతే, ఆ తర్వాత పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. రోజూ గంటసేపు పిసకమని ఓ రబ్బరు బంతి ఇచ్చాడు.

“బంతి పిసికారా?” అని కాంతమణి రెండు రోజులు అడిగింది. మూడోరోజు ఆ బంతి నేరేడ్‌మెట్ వీధికుక్కల నోట్లో ఉంది. పాస్టరుగారు వచ్చి చెప్పారు. ఆయన ముందు బుద్ధిగా తలూపాడు. అంతే.

ఎవరైనా ఒక పని చెయ్యమంటే చాలు, దేవానందం లోపల ఒక తలుపు మూసుకుంటుంది. గొళ్ళెం వేసేది తనేనని అతనికి తెలుసు. తెలిసినా తీయలేడు.

ఆ రోజుల్లోనే తిరుమలగిరిలో జంగయ్య పాత సామాన్ల దుకాణం ముందు రెండు ముక్కలైన పూలకూజా ఒకటి కనబడింది. నీలిరంగు తీగలు, సన్నటి కుంచె పని. అతను వంగి చూస్తుంటే కాంతమణి మొహం చిట్లించింది. “ఆ పగిలిన దరిద్రాన్ని ఇంట్లోకి తేవద్దు.”

ఐదు నిమిషాల్లో కూజా అతని సంచిలో ఉంది.

అప్పట్నుంచి ప్రతి శనివారం అక్కడికే. వెళ్ళినప్పుడల్లా జంగయ్యతో తగువే.

“వారం వారం ఇన్ని పగిలినవి ఎక్కణ్ణుంచి వస్తాయయ్యా నీకు?”

“మిలిటరోళ్ళయి సార్. ట్రాన్స్‌ఫర్ అయితే పెట్టెలల్ల జెర గడ్డి సుత పెట్టరు. పగుల్తయి. నన్నేం చెయ్యమంటరు?”

“దేశాన్ని కాపాడేవాళ్ళకు ఒక కప్పు కాపాడటం రాదా?”

“గా ముచ్చట వాళ్ళనడుగుండ్రి. మంచియి చూపిస్తే మీరు చూడరాయె.”

నిజమే. బాగున్న వస్తువు మీదికి అతని చూపు పోదు. బాగున్నది తనను వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది.

కూజా రెండు ముక్కలు. ఆ తర్వాత దొరికిన పళ్ళెం నాలుగు. దీపపు సెమ్మె ఏడు. ఈ హంస పదకొండు. ఒకటి చేతికి లొంగిందనుకునేలోపు అంతకంటే మొండిది ఎదురవుతోంది. ఎవరో తనమీద పగబట్టినట్టే ఉంది. ఎడమచేత్తో పట్టుకోవాలి, కుడిచేత్తో పెంకును గిల్లి పట్టి అంచుకు అంచు కూర్చాలి. కుడిచెయ్యి లేకుండా ఈ పని జరగదు. అదే అతన్ని రగిలిస్తోంది. విసుగొచ్చి వదిలేస్తాడు. పావుగంటకు మళ్ళీ వచ్చి కూర్చుంటాడు.

ఆదివారం ఆరాధనకు ఆలస్యమైంది.

“పెంకుల ముందు కూర్చుంటే దేవుడు కూడా గుర్తురాడు మీకు!”

“వస్తున్నాను! ఒక్క నిమిషం మనశ్శాంతి ఉండనివ్వవు కదా! నీకు అసలు కళంటే…”

అరుస్తూనే గదిలోంచి వచ్చాడు. అరుస్తూనే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. మూడు పెట్టుకున్నాడు. నాలుగోది కుడిచేతి వేళ్ళమధ్య ఉంది. తిట్టడంలో పడి ఆ సంగతి అతను గమనించలేదు.

కాంతమణి చూపు ఆ గుండీ మీద పడింది. గబుక్కున కిటికీవైపు తిరిగింది. “నడవండి, నడవండి. ఆటో వెళ్ళిపోతుంది,” అంది విసురుగా.

హంస గురువారానికి నిలబడింది. అతుకుల్లో సుద్దపొడి నింపి, సన్నకుంచెతో రెక్కలు దిద్దాడు. గీత వంకర పోయింది. తుడిచాడు. మళ్ళీ గీశాడు. మళ్ళీ వంకర. ఐదోసారి నిలిచింది. కానీ మెడ కింద ఒక అతుకు సన్నగా కనిపిస్తూనే ఉంది.

“బాగోలేదు,” అన్నాడు.

“ఎక్కడ పెడతారు దీన్ని? నా నెత్తిమీదా?” అంది కాంతమణి.

మర్నాడు పొద్దున్నే ఆమె ఒక్కతే గొడుగు పట్టుకుని జంగయ్య దుకాణంలోకి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. జంగయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

“ఏందమ్మా, సార్ గిట్ల పరేషాన్ చేస్తున్నడా?”

“కాల్చుకు తింటున్నాడు, జంగయ్యా. ఇంట్లో ఒక్క గంట నెమ్మది లేదు. రేపు శనివారం. మళ్ళీ వస్తాడు నీ దగ్గరికి.”

“వస్తడు. మరి నన్నేం చెయ్యమంటరు?”

కాంతమణి అరలన్నీ వరసగా చూసింది. అన్నిటికంటే పైఅరలో, ఎక్కడా గీత కూడా పడని గులాబీల టీ కెటిల్ దగ్గర ఆమె చూపు ఆగింది.

“దాన్ని దించి గోనెసంచిలో చుట్టి కొట్టు, ఆయన వేళ్ళకు పదకొండు ముక్కలు ఇక చాలవు, ఈసారి ఇరవై అయినా కావాలి.”