తోట చివరి మాత్ర

"పుట్టగొడుగులా? దేవుడి మందిరం ఉన్న ఇంట్లోనా? రామ రామ!" శ్యామలాంబ రెండు చెవులూ మూసుకుంది.

"కూర కాదు అత్తయ్యగారూ, మందండీ! ఎండబెట్టి పొడి చేసి గొట్టం మాత్రల్లో పెట్టారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మోకాళ్లకి బలమంట," అంది కోడలు రామతులసి, చేతిలో డబ్బా ఊపుతూ.

కడియంలో ఎకరాల నర్సరీని ఏలుతున్న కొడుకు చంద్రరావు టీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు మహానుభావుడు.

"ఏంటే, మందులమ్మే మీటింగులో ఎవరో చప్పట్లు కొట్టించారని కొనేశావా? అమ్మ పెద్దాపురం బస్టాండు నుంచి మరిడమ్మ గుడిదాకా నడిచిందనుకో, ఆ డబ్బా నెత్తిన పెట్టుకుని జాతరంతా తిరుగుతాను, చూసుకో!"

రామతులసికి ఒళ్లు మండింది. నిరుడు జాతరలో అత్తగారు పది అడుగులేసి గాజుల కొట్టు అరుగు మీద కూలబడిపోయింది. దర్శనం కాకుండానే వెనక్కి తెచ్చేశారు. "అమ్మవారు నన్ను రానివ్వలేదే" అని వారం రోజులు సరిగా అన్నం తినలేదు పాపం. మళ్లీ ఆషాఢం జాతర మూడు నెలల్లో ఉంది.

కోడలి ముఖం చిన్నబోవడం చూసి శ్యామలాంబ మెత్తబడింది.

"సరేలే తులసీ. కానీ ఇంట్లో మాత్రం వేసుకోను. తోట చివర, సపోటా మొక్కల అవతల వేసుకుంటాను."

"అంత దూరం ఎలా నడుస్తారండీ?"

"మెల్లిగా పోతాలే."

ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో నీళ్ల చెంబు, కొంగున ముడేసిన మాత్ర. రోజుకి రెండుసార్లు. మొదట్లో దారిలో నాలుగుచోట్ల కూర్చునేది. తోటలో బోర్లించిన ఖాళీ కుండీలే ఆవిడకి కుర్చీలు. నెల తిరిగేసరికి నాలుగు కాస్తా రెండయ్యాయి. మరో నెలకి చిట్టచివరి కుండీ ఒక్కటే మిగిలింది. చేతికర్ర మూలకి చేరింది.

"చూశారాండీ మందు మహిమ?" అని రామతులసి మొగుణ్ణి పూటపూటా దెప్పింది. "ఎండలకి కీళ్లు వదులవుతాయిలే," అని చంద్రరావు గొణిగాడు.

జాతర రోజు పెద్దాపురం బస్టాండులో అతను రిక్షాని పిలిచాడు.

"నువ్వెక్కరా," అని శ్యామలాంబ డప్పుల మోతలోకి నడిచింది. గాజుల కొట్టు అరుగు దాటింది. ఎక్కడా ఆగలేదు. క్యూలో నిలబడి, అమ్మవారి ఎదుటికి వెళ్లి, "ఈసారి రానిచ్చావా తల్లీ!" అని గొల్లుమంది. ఆనందం పట్టలేక రామతులసి కూడా ఏడ్చేసింది. కళ్లు తుడుచుకున్నాక సంచిలోంచి డబ్బా తీసి మొగుడి చేతిలో పెట్టింది.

మాటంటే మాటే మరి. నెత్తిన డబ్బాతో చంద్రరావు ముందు, పంచాయతీ ఎన్నిక గెలిచినంత దర్జాగా రామతులసి వెనక. జాతరంతా విరగబడి నవ్వింది.

పక్కింటి రత్నమాణిక్యం ఆగలేకపోయింది. "ఏం మందు వదినా, నాకూ చెప్పవూ?"

"నాకేం తెలుసమ్మా! అంతా మా తులసి చేతి చలవ," అంది శ్యామలాంబ, కోడలి తల నిమురుతూ.

మర్నాడు పొద్దున్నే రామతులసి ఇచ్చిన మాత్ర కొంగున ముడేసుకుని, చెంబు పట్టుకుని ఆవిడ చకచకా తోట చివరికి వెళ్లింది. అటూ ఇటూ చూసి వంగింది. మోకాళ్లు కిమ్మనలేదు.

చిట్టచివరి కుండీ పైకెత్తి, ఈ మాత్రని కూడా మూణ్నెల్ల మాత్రల కుప్ప మీద వేసింది.