ఎల్లిగడ్డ తినని పెండ్లికొడుకు

పెండ్లిచూపులు రెండు నెలలున్నాయనగా విక్రాంత్ ఎండలో తిరగడం మానేశాడు.

కారణం రాజం. సంబంధాలు కుదిర్చే ఈ రాజం మెట్‌పల్లిలో కరుణాకర్‌రావు ఇంటికి పోయొచ్చి, పిల్ల పేరు ప్రజ్ఞ అనీ, పశువుల డాక్టరనీ, ఒక్కతే బిడ్డ అనీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ ఇంట్లో గోడ బీరువా నిండా నెత్తురు తాగే మొగోళ్ళ పుస్తకాలే ఉన్నాయన్నాడు. నలభై దాకా ఉంటాయట. ప్రతి అట్ట మీదా పాలిపోయిన మొహం, కోరపండ్లు, పక్కన కత్తి పట్టుకున్న పిల్ల. నమ్మకపోతే చూడమని ఫోన్లో తీసుకొచ్చిన ఫొటో చూపించాడు.

విక్రాంత్‌కు హుస్నాబాద్‌లో ట్రాక్టర్ సామాన్ల దుకాణం ఉంది. వయసు ముప్పై. అప్పటికే రెండు సంబంధాల వాళ్ళు చూసి వద్దనుకుని పోయారు. ఎందుకు వద్దన్నారో ఎవరూ చెప్పలేదు. ఈసారి పరీక్షకు చదివినట్టు చదువుకుని పోదామనుకున్నాడు. కరీంనగర్ పోయి అలాంటివే మూడు పుస్తకాలు కొనుక్కొచ్చాడు.

వాటిలో హీరోకు మూడువందల ఏళ్ళు. పనీ లేదు, పాటా లేదు. తినడు, నవ్వడు. ఎండ గిట్టదు, ఎల్లిగడ్డ ఘాటు అసలే గిట్టదు. పిల్ల పడుకుంటే కిటికీలోంచి దూరి, తెల్లారేదాకా ఆమెను చూస్తూ కూర్చుంటాడు. ఆ పిల్ల దాన్ని ప్రేమ అంటుంది. హుస్నాబాద్‌లో ఎవడైనా అట్లా కూర్చుంటే వాడకట్టంతా కలిసి కరెంటు స్తంభానికి కట్టేస్తుంది. ఆ పిల్ల కూడా తక్కువదేం కాదు. ఒంటిచేత్తో పదిమందిని నరికి పారేస్తుంది. కానీ వీడు ఒక్కసారి ఓరగా చూశాడో, మోకాళ్ళు వణికి గోడకు ఆనుకుంటుంది. ఆ చోటు విక్రాంత్ నాలుగుసార్లు చదివాడు. పెద్ద కష్టమేమీ కాదనిపించింది. చూడటమే గదా.

మే నెలలో ఒక ఆదివారం, పొద్దున పదకొండింటికి మెట్‌పల్లిలో కారు దిగాడు. నల్లచొక్కా, నల్లప్యాంటు, మొహానికి పలచగా పౌడరు. వెంట వచ్చిన మేనమామ వంశీధర్‌రావు దారిపొడుగునా జ్వరమొచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడు.

కరుణాకర్‌రావు పసుపు పండించే పెద్ద రైతు. గుబురు మీసం. ఆయన ముందు గొంతు పెంచి మాట్లాడేవాళ్ళు ఊళ్ళో లేరు. విక్రాంత్ ఆయనకు దండం పెట్టి, కిటికీకి దూరంగా మూల కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

"ఎండ పడదా బాబూ?" అన్నాడు కరుణాకర్‌రావు.

విక్రాంత్ పెదవి బిగపట్టి, పడదన్నట్టు తలూపాడు. ఆయన స్వయంగా లేచి కిటికీ పరదాలు దగ్గరికి లాగాడు.

ఇంటావిడ రుక్మాబాయి సర్వపిండి, ఎల్లిగడ్డ కారం తెచ్చిపెట్టింది. ఎల్లిగడ్డ కారం లేనిదే ముద్ద దిగని మనిషి విక్రాంత్. నోట్లో నీళ్ళూరాయి. అయినా పళ్ళేన్ని రెండు వేళ్ళతో దూరం జరిపాడు. ఆమె మళ్ళీ మళ్ళీ అడిగితే, తిననోళ్ళను బలవంతపెట్టొద్దని కరుణాకర్‌రావే ఆపాడు. ఆమె మొగుడి వైపు ఒకసారి చూసి పళ్ళెం లోపలికి తీసుకుపోయింది. రాత్రులు నిద్ర పడుతుందా అని ఆయన మెల్లగా అడిగాడు. పట్టదన్నాడు విక్రాంత్. ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

తండ్రే ఇంత మెత్తబడితే ఇక బిడ్డ సంగతి చెప్పాలా అనుకున్నాడు విక్రాంత్.

ప్రజ్ఞ పెరటి వాకిట్లోంచి వచ్చింది. ఎవరిదో బర్రె ఈనలేక తిప్పలు పడుతోందంటే పొద్దున్నే పోయి, భుజం దాకా చెయ్యి పెట్టి దుడ్డెను బయటికి లాగి, అప్పుడే తిరిగొస్తోంది. స్నానం చేసి వస్తానని వచ్చినవాళ్ళకు చెప్పి, ముందు ఇన్ని మంచినీళ్ళు తాగుదామని కుండ దగ్గర ఆగింది.

ఇదే అదననుకున్నాడు విక్రాంత్. బట్టీపట్టిన మాట బయటికి తీశాడు.

"నా దగ్గరికి రావద్దు. నా మీద నాకే నమ్మకం లేదు."

ప్రజ్ఞ గ్లాసు దించింది.

"మరి గింత దూరం ఎందుకొచ్చిన్రు?"

జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. ఓరచూపుకు ఇదే సమయమని తలెత్తాడు. గ్లాసు పట్టుకున్న ఆమె చెయ్యి కనిపించింది. మోచేతి పైన ఇంకా ఆరని నెత్తురు. విక్రాంత్ కళ్ళు పైకి పోయాయి. కుర్చీతో సహా పక్కకు ఒరిగాడు.

ప్రజ్ఞ ఒక్క అంగలో వచ్చి ఒంటిచేత్తో పట్టుకుంది. నేల మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద పీట పెట్టి, మొహం మీద నీళ్ళు చల్లింది. పౌడరు కారి చెవుల్లోకి పోయింది. లేచాక అతను ఎవరి మొహమూ చూడలేదు. వంశీధర్‌రావు రెక్క పట్టుకుని కారెక్కించాడు.

కారు పోయాక ఇంట్లో మాటలు మొదలయ్యాయి. పిల్లగాడు మంచోడన్నాడు కరుణాకర్‌రావు. కళ్ళల్లో ఏదో తీరని బాధ ఉందన్నాడు. అసొంటోళ్ళు పెండ్లాం కోసం ప్రాణమైనా ఇస్తారన్నాడు.

ప్రజ్ఞ ఫోను తీసి, రాజం మొదట్లో పంపిన ఫొటో తండ్రి ముందు పెట్టింది. ఎవరిదో పెండ్లి బంతిలో విక్రాంత్. చేతిలో మటన్ మూలగ బొక్క, మూతి నిండా కూర, పక్కవాడు ఏమన్నాడో గాని పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. రెండు నెలలుగా ఆమె ఆ ఫొటోను రోజూ చూసుకుంటోంది.

"నేను గీయన కోసం ఎదురుచూసిన బాపూ. ఇయ్యాల వచ్చింది ఎవలో నాకు తెల్వదు."

రుక్మాబాయి బిడ్డ తల నిమిరి, రాజంకు వద్దని చెప్పమంది.

కరుణాకర్‌రావు లోపలి గదిలోకి పోయి, తలుపు దగ్గరికేసి, గోడ బీరువాలోంచి ఒక పుస్తకం తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, పాలిపోయిన రాకుమారుడు ఆ కత్తి పిల్ల మెడ మీదికి మొదటిసారి వంగే చోట పొద్దున తాను మడిచిపెట్టుకున్న పేజీ తెరిచాడు.