ముట్టుకోని సైకిలు

సామాను సర్దే పని యంత్రాల చేతికి వెళ్లాక ఇల్లు మారడం ఎవరికీ పెద్ద విషయం కాకుండా పోయింది. నర్సు కనకవల్లి రాజమండ్రి నుంచి భోపాల్‌కు మారింది. చీపురుతో సహా అన్నీ వచ్చాయి, చనిపోయిన కూతురు హిమజ సైకిలు తప్ప.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒకతను ఎత్తాడు. "మూడేళ్లుగా దాన్నెవరూ ముట్టుకోలేదండీ. అక్కర్లేదనుకుని యంత్రం వదిలేసింది. ఎల్లుండి తుక్కుబండి వచ్చి తీసుకెళ్తుంది."

"ముట్టుకోలేక ముట్టుకోలేదయ్యా, అక్కర్లేక కాదు! ఆ బండిని ఆపించు."

"నా చేతుల్లో లేదండీ. ఎవరైనా వాడుతుంటేనే అది వదిలిపెడుతుంది."

కనకవల్లి ఆ పూటే రైలెక్కింది. పాత ఇంటికి చేరేసరికి డ్రైవరు లేని తుక్కుబండి సైకిలు మీదికి ఇనుప చేతులు చాపుతోంది. కొత్తగా అద్దెకు దిగిన జరీనా దాన్ని ఆగమని అరుస్తోంది. కనకవల్లి ఒక్క ఉరుకున వెళ్లి సైకిలెక్కి, హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది.

"వాడుకలో ఉంది," అని పలికి బండి వెనక్కి తిరిగింది.

"పోనీలే అక్కా, దక్కింది," అంది జరీనా.

కనకవల్లి అరచేతులు చూసుకుంది. హిమజ చివరిసారి వానలో తొక్కొచ్చినప్పుడు అంటిన బురద, దాని వేలిముద్రలతో సహా హ్యాండిల్ మీద అలాగే ఎండిపోయి ఉండేది. ఇప్పుడది తన అరచేతుల్లోంచి పొడిపొడిగా రాలుతోంది.

ఆమె రాయి తీసుకుని బండి వెంట పరిగెత్తింది.

"నాచేతే తుడిపించారు కదరా!"