గొంతులో గరగర

హలో, వినబడుతోందా? ఒక్క నిమిషం ఫోన్ పెట్టేయకండి, మా అన్నయ్య సంగతి చెప్పాలి.

గొంతు ఆపరేషన్ అయ్యాక అన్నయ్య గొంతు బొంగురుపోయింది. ఆ సిగ్గుతో మూడు నెలలు నోరు విప్పలేదు. ఏం కావాలన్నా పలక మీద రాసేవాడు. మాట్లాడకపోతే ఉన్న గొంతూ పోతుందన్నాడు డాక్టరు.

రోజంతా తన పాత రాక్ రికార్డే వినేవాడు. బ్లూస్ అనే విషాద సంగీతం కలిసిన ఆ పాటలంటే ప్రాణం.

నా పని పాత రికార్డులను కంప్యూటర్‌లో శుభ్రం చేయడం. అన్నయ్య కోసం ఆ ఆల్బమ్‌లో చిటపటలు తీసేశాను. పనిలో పనిగా గాయకుడి గొంతులో గరగర కూడా తుడిచేశాను.

"విను అన్నయ్యా, తేనెలా ఉంది."

సగం పాటకే అన్నయ్య మొహం మాడిపోయింది. పలక విసిరికొట్టాడు.

"గరగరేదిరా వెధవా? వాడి అందమంతా అందులోనే ఉంది! వాడు కేకేస్తే గుండె గీరుకుపోవాలి. మనిషినే తుడిచేశావు కదరా!"

రంపం లాగినట్టుంది ఆ గొంతు.

వంటింట్లోంచి వదిన కంగారుగా అడిగింది. "ఎవరో అరుస్తున్నారేంటి మరిదీ? ఎవరొచ్చారు?"

అన్నయ్య మొహం పాలిపోయింది. పలక కోసం వెతికాడు. నేను దాన్ని వెనక దాచేసి, పాత రికార్డు మీద ముల్లు పెట్టాను. గాయకుడు గరగరమంటూ అందుకున్నాడు.

"ఎవరది?" వదిన గుమ్మం దాకా వచ్చేసింది.

అన్నయ్య కాసేపు ఆ పాటే విన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు.

"నేనేనే."

గొంతు బాగాలేదని నోరు కట్టేసుకున్నవాళ్ళు మీకు తెలిస్తే, ఇది వాళ్ళ చెవిన వేయండి.