సక్కుబాయి కాడికి

అంతయ్య సంచీలో డజను పచ్చగాజులు కనబడ్డాయి. లింగవ్వ మురిసిపోయింది. ఒకటి తీసి చేతికి ఎక్కించుకోబోతే పిడికిలి దగ్గరే ఆగిపోయింది.

లింగవ్వది రెండున్నర కొలత. ఇవి రెండుంబావు.

మూడేళ్లు కాపురం చేసిన మొగుడికి పెళ్లాం చేతి కొలత తెలియకపోవచ్చు. మొగవాళ్లకు అలాంటివి పట్టవు. ఆమె గాజును తిరిగి సంచీలోనే పెట్టేసింది. కానీ మర్నాడు పొద్దున చూస్తే సంచీ లేదు, గాజులు లేవు, అంతయ్యా లేడు.

ఆ రోజు అమాస. అమాసనాడు అంతయ్య పనిచేసే సున్నపు బట్టీకి సెలవు. ప్రతి అమాసకూ అంతయ్య పొద్దున్నే లక్సెట్టిపేట విడిచి ఎటో పోతాడు. దీపాలు పెట్టే వేళకు తిరిగొస్తాడు. ఎటు పోయావంటే పనుండె అంటాడు. అంతకు మించి నోరు విప్పడు. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు పెళ్లప్పుడూ అంతే. తాగుడు లేదు, తిట్టు లేదు, వెనకా ముందూ ఎవరూ లేరు. ఇంకేం కావాలని పిల్లనిచ్చేశారు.

ఆ సాయంత్రం సుంకరి హనుమండ్లు కబురు మోసుకొచ్చాడు. నల్లొర్రె తొవ్వలో అంతయ్య ఎదురయ్యాడట. ఎక్కడికని అడిగితే "సక్కుబాయి కాడికి" అన్నాడట.

లింగవ్వ ఆ ఆడదాన్ని కళ్లముందు నిలుపుకుంది. పేరు వింటేనే తెలుస్తోంది, మహారాష్ట్ర వైపు మనిషి. గోచీ పోసి చీర కట్టుకుంటుంది. చేతులు సన్నగా ఉంటాయి. సన్నగా ఉండక ఏం చేస్తాయి, రెండుంబావు గాజులు దూరే చేతులు.

నల్లొర్రెలో ఎవరుంటారని అడిగింది. ఎవరూ ఉండరన్నాడు హనుమండ్లు. నిజాం కాలంలో అక్కడ నేలలోంచి బొగ్గు తవ్వే బొగ్గుబాయి ఉండేదట. లైన్లు లైన్లుగా ఇండ్లు, ఆదివారం అంగడి, కల్లు దుకాణం. యుద్ధం రోజుల్లో బొగ్గు చాలక ఆడవాళ్లను కూడా తట్టలతో లోపలికి దింపారట. ఒకనాడు బాయిలోకి నీళ్లు తోసుకొచ్చాయి. ఆడా మగా తొమ్మిదిమంది లోపలే ఉండిపోయారు. కంపెనీ బాయి మూతికి గోడ కట్టి పోయింది. జనం బెల్లంపల్లికి పోయారు.

"గిప్పుడది బేచిరాగ్ ఊరు," అన్నాడు హనుమండ్లు. "దఫ్తర్ల అట్లనే రాసుకున్నరు. దీపం పెట్టే మనిషి లేడు."

మనిషి లేని చోటైతేనే కదా చాటుకాపురానికి అనువు. లింగవ్వకు అనుమానం పోలేదు సరికదా, ముదిరింది.

ఆ నెలంతా ఆమెకు అన్నం సయించలేదు. అంతయ్య నవ్వితే సక్కుబాయిని తలచుకుని నవ్వాడనుకుంది. నవ్వకపోతే ఆమె మీద బెంగ పెట్టుకున్నాడనుకుంది. విసుర్రాయిలో జొన్నలకు బదులు సక్కుబాయినే పోసి విసిరింది. చివరికి తన చీరలు మూటగట్టి దూలానికి వేలాడదీసింది. ఆ ఆడది ఒక్కసారి కంటబడితే చాలు, చొప్పదండిలో తాను పుట్టిపెరిగిన అవ్వగారింటికి వెళ్లిపోవడమే. మళ్లీ ఈ గడప తొక్కేది లేదు.

అమాస వచ్చింది. సంచీతో బయల్దేరిన అంతయ్య వెనకే, కనబడనంత దూరంలో లింగవ్వ నడిచింది.

నాలుగు కోసుల దారి. ముందు జొన్నచేలు, తర్వాత టేకు అడవి. ఒర్రె నీళ్లు దాటాక కాలికింద ఎర్రమట్టి నల్లబడింది. గుట్ట పక్కన కప్పుల్లేని ఇండ్లు బారులుగా ఉన్నాయి. గదుల్లో తుమ్మలు మొలిచాయి. బొగ్గు డబ్బాలు నడిచిన పట్టాలు ఎవరో పీక్కుపోయారు.

లింగవ్వ గది గదీ వెతికింది. పొయ్యి లేదు, కుండ లేదు, ఆరేసిన చీర లేదు. ఒక ఉడుము మాత్రం ఆమెను చూసి పారిపోయింది.

గుట్ట కింద, గోడ కట్టేసిన బాయి మూతి ముందు అంతయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గోడ వారగా పచ్చగాజులు పెట్టాడు. ప్రమిదలో దీపం వెలిగించాడు.

అప్పుడు వెలిగింది లింగవ్వకు. చొప్పదండిలో చింతబాయి లేదా? చాకలిబాయి, దొరసానిబాయి లేవా? నీళ్లబాయికి పేరుంటే బొగ్గుబాయికి ఉండదా? ఒకప్పుడు అంతయ్యకు పనిచ్చి అన్నం పెట్టిన బాయి అయ్యుంటుంది. మైసమ్మకు పెట్టినట్టు గాజులు పెట్టుకుంటున్నాడు పిచ్చి మారాజు. నెల రోజులు తాను కుళ్లి చచ్చింది ఒక గుంతను చూసి. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"సక్కుబాయంటే గిదేనా?" అంది దగ్గరికి వెళ్లి.

అంతయ్య ఉలిక్కిపడి తిరిగాడు. ఆమె ముఖం చూశాడు. గోడ చూశాడు.

"గిదే," అన్నాడు.

దారి పొడుగునా లింగవ్వ వాగుతూనే ఉంది. తన అనుమానమంతా చెప్పి తనే నవ్వింది. ఒర్రె దాటేటప్పుడు అతను ఆమె చేయి పట్టుకున్నాడు. ఇంటికి రాగానే ఆమె దూలం మీది మూట దించి చీరలు పెట్టెలో సర్దింది.

ఈసారి అమాసకు సక్కుబాయికి గాజులు తనే పెట్టాలనుకుంది. రెండు రోజుల ముందు గాజుల కుబ్రా వాకిట్లోకి వచ్చింది. ముసలిది, ఈ ఊరికి కొత్త. ఏ ఇల్లు ఎవరిదో ఇంకా తెలియదు. లింగవ్వ పచ్చవి డజను కావాలంది.

"ఏ కొలత బేటీ?"

"నల్లొర్రె సక్కుబాయికి," అంది లింగవ్వ నవ్వుతూ. "బాయికి కొలతేంది? ఏవైనా పడ్తయ్."

గాజుల మలారం మూట విప్పుతున్న కుబ్రా చేయి ఆగింది. వెనకట ఆమె నల్లొర్రె అంగడిలో గాజులమ్మినదే. వెతక్కుండానే రెండుంబావువి డజను తీసి లింగవ్వ ఒళ్లో పెట్టింది.

"గివే పడ్తయ్ బేటీ, అంతయ్యతోని లగ్గమైననాడు ఆ పిల్ల చేతికి ఎక్కించింది నేనే."