గోడకు కాపలా

గద్వాలలో ఒక కాంపౌండు గోడకు మూత్రం పోస్తూ ఆటో డ్రైవర్ యూనుస్ పట్టుబడ్డాడు. కోర్టు అతనికి సమాజసేవ శిక్ష వేసింది. ఒక రోజంతా అదే గోడ దగ్గర నిలబడి, ఇంకెవరూ ఆ పని చేయకుండా చూడాలి.

యూనుస్ తలవంచుకునే వచ్చాడు. కానీ పోలీసులిచ్చిన విజిల్ నోట్లో పెట్టుకోగానే అతని నడుం నిటారుగా నిలిచింది. మధ్యాహ్నానికల్లా ఇరవై మందిని తరిమాడు. రిటైరైన పంతులు ఒకాయన వస్తే ఆయన్నూ వదల్లేదు.

"గింత సదువుకున్నవు, జర సిగ్గు శరం లేదా సార్?" అని బజారంతా వినబడేలా అరిచాడు.

నాలుగింటికి అతనికే ఆగలేదు. పక్కనే అరటిపండ్ల బండి పెట్టుకున్న సుల్తానాబీ దగ్గరికి పరుగెత్తాడు.

"ఆపా, ఈడ బాత్రూం యాడుంది?"

"ఈ బజార్ల యాడా లేదు తమ్మీ."

"మరి నువ్వెట్ల చేస్తవు?"

"పొద్దుగాల ఇంట్ల పోయొస్త. మల్ల ఇంటికి పొయ్యేదాక గుక్కెడు నీళ్లు గూడ తాగ. పన్నెండేండ్ల సంది గిట్లనే."



సుల్తానాబీ పండ్లు సర్దుకుంటూ అంది: "నయమే తమ్మీ, నీకు ఒక్క దినమే గద శిక్ష."