అయస్కాంతం ఎటు తోసింది?

ఈ ఇంట్లో నా కళ్లజోడు తుడిచే గుడ్డ పెట్టినచోట ఉండి చావదు. వెతుకుతూ మనవరాలి గదిలోకి వెళ్లాను.

బల్లమీద వెలుగుతున్న గాజుగొట్టం, పక్కన అయస్కాంతం పెట్టుకుని, కుడిచెయ్యి చాచి, బొటనవేలు లేపి తిప్పుతోంది.

"కిటికీ అవతల ఎవరికే ఆ సైగలు?"

"ఎవరికీ కాదు తాతా! రేపు ప్రాక్టికల్స్, పోతే ఏడాది గోవిందా. అయస్కాంతం మీది చీటీలు చూసి వేళ్లు చాపితే, గొట్టంలో ఎలక్ట్రాన్లని అది ఎటు తోస్తుందో ఈ చెయ్యే చెప్తుంది. పైకి అంది. చూడు, వెలుగుగీత పైకే వంగింది!"

"అయితే నీ లెక్క తప్పు."

"ఏడో క్లాసుతో బడికి దణ్ణం పెట్టేశావ్, నీకేం తెలుసు?"

"ఏమీ తెలీదు. కానీ తప్పే."

పుస్తకం తిరగేసి నాలుక కరుచుకుంది. "ఎలక్ట్రాన్లది ఋణావేశం కదా! చెయ్యి చూపినదానికి ఎదురు దిక్కుకి పోవాలి. మరి కిందికి వంగాలిగా?"

అనుమానంగా నావైపు తిరిగింది. "తాతా!"

అయస్కాంతం కొసలకి అంటించిన ఉత్తరం, దక్షిణం చీటీలు పొద్దున్న ఆటపట్టిద్దామని నేనే అటూ ఇటూ మార్చాను.